మార్తమ్మ గారి ముప్పై ఏడు నవలలు

పంతొమ్మిది సంవత్సరాలు ఒక అబద్ధాన్ని మోశాను. దాన్ని దించి ఆరు వారాలైంది. ఎక్కడ దించానో, ఎలా దించానో మీకు చెప్పాలని ఈ కాగితాలు రాస్తున్నాను. నా పేరు మాత్రం రాయను. అది పిరికితనం అనుకోకండి. తెలియవలసిన నూటముప్పై మందికీ నా పేరు తెలుసు. వాళ్ళ ఎదుట నిలబడి నా నోటితోనే చెప్పాను. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీ దగ్గర ఇంకొంచెం వివరంగా చెప్పగలను. మిగిలిన ఇద్దరి పేర్లు మార్చాను. వాళ్ళు ఏ తప్పూ చేయలేదు, వాళ్ళని వీధిలోకి ఈడ్చే హక్కు నాకు లేదు.

నేను రాసి పెట్టుకునే మనిషిని. టెలిఫోన్ పరికరాలు తయారు చేసే ఒక కర్మాగారంలో ఇరవై ఆరేళ్ళు నాణ్యత తనిఖీ చేశాను. ఎక్కడ ఏ లోపం ఉందో, ఎవరి చేతిలో జరిగిందో, ఎప్పుడు సరిదిద్దారో రాయడమే నా ఉద్యోగం. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. పాస్టర్ గారు ఏ ఆదివారం ఏ వాక్యం మీద ఎన్ని నిమిషాలు మాట్లాడారో నా దగ్గర ఉంది. మా వీధిలో చెత్తబండి ఎన్నిసార్లు ఆలస్యంగా వచ్చిందో ఉంది. దాని గురించి నగరపాలక సంస్థకు రాసిన పదకొండు ఉత్తరాల నకళ్ళూ ఉన్నాయి. అన్యాయం కనబడితే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ మాట గర్వంగా చెప్పుకుంటూ ముసలివాణ్ణయ్యాను. ఒక్క అన్యాయం విషయంలో మాత్రం మండలేదు. అది నేను చేసింది.

టెక్సస్‌లోని ప్లేనోలో మా తెలుగు క్రైస్తవ సంఘానికి సొంత భవనం లేదు. ఒక అమెరికన్ చర్చివారు ఆదివారం మధ్యాహ్నం తమ హాలు వాడుకోనిస్తారు. పన్నెండున్నరకు ఆరాధన, రెండున్నరకు భోజనాలు. సరిగ్గా నాలుగు గంటలకు, మేము అసలు రానట్టుగా ఆ హాలు అప్పగించాలి. కుర్చీలు మడవాలి, బల్లలు తుడవాలి, కోడికూర వాసన పోయేదాకా కిటికీలు తెరిచి ఉంచాలి. నేల మీద మిగిలిన ఏ అట్టపెట్టె అయినా, అందులో ఏముందో చూడకుండా వెనకనున్న రీసైక్లింగ్ డబ్బాలోకి వెళ్ళవలసిందే. ఈ పని ఎవరికీ ఇష్టం లేదు. అందుకని ప్రకాశం చేసేవాడు. ప్రకాశం మార్తమ్మ గారి తమ్ముడు. ఎవరికీ ఇష్టం లేని పనులన్నీ అతనే చేసేవాడు.

నడవాలో ఒక ఇనుప బీరువా పెట్టుకోవడానికి అమెరికన్ చర్చివారు ఒప్పుకున్నారు. అదే మా గ్రంథాలయం. దాని బాధ్యత నాది. నేను చదివి పరిశీలన పత్రం రాయకుండా ఏ పుస్తకమూ ఆ బీరువాలోకి వెళ్ళకూడదని నియమం పెట్టాను. అలాగే, చదవకుండా ఏ పుస్తకాన్నీ తిరస్కరించకూడదని రెండో నియమం పెట్టాను. ఆ రెండో నియమం చూసి చాలామంది నన్ను న్యాయమూర్తి అని మెచ్చుకున్నారు. నన్ను పట్టి పడేసింది ఆ రెండో నియమమే.

ఒక ఆదివారం మార్తమ్మ గారు రెండు అట్టపెట్టెలు తెచ్చారు. ఆమె నర్సు. టెక్సస్‌కు వచ్చిన తొలి తెలుగువారిలో ఒకరు. ఆ రోజుల్లో ఆమె వార్డులో ఎక్కువమంది ముసలి పశువుల కాపరులు, గడ్డిభూముల యజమానులు, వాళ్ళ భార్యలు. వాళ్ళు మాట్లాడే ఇంగ్లీషు మన కాలేజీల్లో నేర్పిన ఇంగ్లీషు కాదు. ఒక రోగి తన మంచం పక్కనున్న పాత కౌబాయ్ నవల ఇచ్చి, ఇది చదివితే మా మాట అర్థమవుతుంది అన్నాడట. ఆమె చదివారు. పాత వస్తువుల సంతల్లో వెతికి మరికొన్ని సంపాదించారు. మొత్తం ముప్పై ఏడు. అన్నీ తుపాకీ మనుషుల కథలు. పసుపు పచ్చబడిన కాగితం, ఊడిపోతున్న అట్టలు, అట్ట మీద టోపీ నీడలో సగం ముఖం.

"పిల్లలు తెలుగు చదవరు. ఇవైనా చదువుతారు బ్రదర్," అన్నారు ఆమె.

ఇవి హత్యల పుస్తకాలు, చర్చి బీరువాలోకి ఎలా వస్తాయి? నేను అప్పటికే మనసులో తిరస్కరించాను. కానీ నియమం నియమమే. రెండు పెట్టెలూ నా కారులో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. తర్వాతి శనివారం మధ్యాహ్నం, మా ఆవిడ పాటల సాధనకు వెళ్ళాక, గరాజ్‌లో కుర్చీ వేసుకుని మొదటి నవల తెరిచాను. పక్కన నోటుబుక్కు. చావులు లెక్కపెట్టడానికి నిలువు గీతలు, మద్యపానానికి అడ్డగీతలు.

ఆ నోటుబుక్కు ఇప్పటికీ నా దగ్గర ఉంది. నవల యాభై ఎనిమిదో పుట దాకా తొమ్మిది నిలువు గీతలు, నాలుగు అడ్డగీతలు. ఆ తర్వాత ఏమీ లేదు. తెల్ల కాగితం. చావులు ఆగిపోలేదు. లెక్కపెట్టడం నేను మరచిపోయాను.

నన్ను ఏమి పట్టుకుందో అప్పుడు నాకు తెలియలేదు. ఇప్పుడు తెలుసు, ఎందుకంటే దాని గురించి మూడు నోటుబుక్కులు రాశాను. తుపాకీ కాదు. గుర్రాలు కాదు. ఆ కథల్లో ఒక మనిషి కొత్త ఊళ్ళోకి వస్తాడు. అతడు ఎక్కడో ఏదో చేసి వచ్చాడు. అదేమిటో రచయిత చెప్పడు. ఆ మనిషి గోడకు వీపు ఆనించి కూర్చుంటాడు, తలుపు వైపు చూస్తూ తింటాడు. తుపాకీ పని మానేద్దామని అతడికి ఉంటుంది. ఊరివాళ్ళు మాననివ్వరు. వాళ్ళకు అతడి చేయి కావాలి, అతడు అక్కరలేదు. పని అయ్యేదాకా "అయ్యా" అంటారు. అయ్యాక, ఎప్పుడు బయలుదేరుతున్నారు అని అడుగుతారు.

నవ్వకండి. నేను నన్ను చూసుకున్నాను. నడుముకి ఎప్పుడూ పెన్ను తప్ప మరేమీ లేని మనిషిని. కానీ కర్మాగారంలో నేను ఏ గదిలోకి అడుగుపెట్టినా మాటలు ఆగిపోయేవి. భోజనాల గదిలో నా బల్ల దగ్గర ఖాళీ కుర్చీలు ఉండేవి. లోపం బయటపడ్డప్పుడు నన్ను పిలిచేవారు, నివేదిక చేతికి వచ్చాక నా ముఖం చూసేవారు కారు. ఇరవై ఆరేళ్ళలో నా బాధను ఎవరూ ఇంత సూటిగా చెప్పలేదు. గుర్రమెక్కిన ఒక హంతకుడు చెప్పాడు. చిన్న చిన్న వాక్యాల్లో, పెద్దగా ఫిర్యాదు చేయకుండా.

మరి ఆ మాట పరిశీలన పత్రంలో రాశానా? లేదు. చదివినందుకు సిగ్గుపడ్డాను, నచ్చినందుకు అంతకన్నా ఎక్కువ సిగ్గుపడ్డాను. ఆ సిగ్గు కప్పుకోవడానికి నా జీవితంలో అత్యంత కఠినమైన పత్రం రాశాను. రక్తపాతం, ప్రతీకారం, తాగుడు, విశ్వాసులకు అనర్హం. కమిటీ ఐదు నిమిషాల్లో ఒప్పుకుంది. ఆయన చదివారు కదా, ఇంక మనం చూడక్కరలేదు అన్నారు. పుస్తకాలు కృతజ్ఞతతో తిరిగి ఇచ్చేయాలని తీర్మానం. ఇవ్వవలసింది నేను.

అప్పటికి రెండు నవలలే పూర్తయ్యాయి. ఇంకా ముప్పై ఐదు ఉన్నాయి.

కమిటీవాళ్ళు అడిగితే ఒక ఆదివారం మర్చిపోయానన్నాను. తర్వాతి ఆదివారం కారులో చోటు లేదన్నాను. మూడో ఆదివారం నన్ను ఎవరూ అడగలేదు. నాలుగో ఆదివారం, భోజనాల తర్వాత, కాగితం పళ్ళెంతో మార్తమ్మ గారు బీరువా దగ్గరికి వచ్చారు. ఆ సంభాషణ ఏ నోటుబుక్కులోనూ రాయలేదు. రాయకపోయినా ఒక్క మాట కూడా పోలేదు.

"బ్రదర్, కమిటీ వద్దన్నారంట కదా. పర్లేదు. నా బుక్స్ ఇచ్చేయండి, ఈరోజు తీసుకెళ్ళిపోతాను."

"అవి పోయిన వారం ఇక్కడికే తెచ్చాను సిస్టర్. హాల్లో పెట్టాను. కనబడటం లేదు."

"కనబడకపోవడం ఏంటండీ? రెండు బాక్సులు! ఎవరైనా జేబులో పెట్టుకుపోయారా?"

"క్లీనింగ్‌లో పోయుంటాయి. రీసైక్లింగ్‌లోకి."

"క్లీనింగ్ చేసేది మా ప్రకాశం కదా."

అక్కడ ఆగవచ్చు. ఏమో తెలియదు అనవచ్చు. ఇంకోసారి వెతుకుతాను అనవచ్చు. నేను ఏమన్నానో తెలుసా?

"అవును సిస్టర్. ప్రకాశమే."

ఆమె హాలు అవతలికి కేకేశారు. "ఒరేయ్ ప్రకాశం! ఇటు రా!"

అతడు చేతిలో చెత్తసంచితో వచ్చాడు. "ఏంటక్కా?"

"పోయిన వారం నా బుక్స్ బాక్సులు రీసైక్లింగ్‌లో పడేశావా?"

అతడు నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు. తిప్పుకుని ఉంటే అతడికి అనుమానం వచ్చేదేమో.

"ఏమో అక్కా. పోయిన వారం చాలా బాక్సులు వేశాను. బ్రదర్ గారు చెప్తున్నారంటే అయ్యుంటుంది. ఆయన అన్నీ రాసి పెట్టుకుంటారు కదా."

"పైన నా పేరు రాసుంది! నీకు చదవడం రాదట్రా?"

"సారీ అక్కా. ఆన్‌లైన్‌లో వెతికి మళ్ళీ కొనిస్తాను."

"కొంటావా? ఏం కొంటావు?" అని ఆమె పళ్ళెం బీరువా మీద పెట్టేసి వెళ్ళిపోయారు.

ఏం కొంటావు అని ఎందుకు అన్నారో నాకు అప్పుడు అర్థం కాలేదు. ఆ సాయంత్రం రిజిస్టరు తెరిచి, "ముప్పై ఏడు పుస్తకాలు, హాలు శుభ్రపరచు సమయమున పొరపాటున పారవేయబడినవి" అని రాసి సంతకం చేశాను. అబద్ధానికి కూడా గ్రాంథికం వాడాను. గ్రాంథికంలో రాస్తే బరువు తగ్గుతుందనుకున్నానా?

తర్వాతి శనివారం మూడో నవల తెరిచాను. అందులో అంచుల మీద పెన్సిల్ రాతలు ఉన్నాయి. తెలుగులో. సన్నని, నిటారు అక్షరాలు. మొదటి రెండు నవలలు ఆమె ఇంగ్లీషు కుదిరాక కొన్నవి కాబోలు, అంచులు శుభ్రంగా ఉన్నాయి. మిగతా వాటిలో ప్రతి పుటా నిండి ఉంది. "రెకన్ అంటే అనుకోవడం. పన్నెండో గది తాతగారు రోజూ అంటాడు." "ఫిక్సింగ్ టు అంటే బాగుచేయడం కాదు, చేయబోతున్నానని." మధ్యమధ్య మాటల అర్థాలు కానివి కూడా. "ఈరోజు పన్నెండో గది ఖాళీ అయింది." "ఇక్కడ మంచు పడితే శబ్దం ఉండదు, భయం వేసింది." ఇరవై ఐదేళ్ళ అమ్మాయి ఎవరికీ చూపించకుండా ఒక దేశాన్ని నేర్చుకున్న పుస్తకాలు అవి. ఏం కొంటాడు ప్రకాశం? ఎక్కడ కొంటాడు?

పదకొండో నవలలో, కథానాయకుడి తమ్ముడు బండి దిగే చోట, అంచున ఇలా ఉంది: "ప్రకాశం వచ్చే నెల దిగుతున్నాడు. ఇక్కడ వాడికి అన్నం వండి పెట్టేదాన్ని నేనొక్కదాన్నే."

ఆ వాక్యం చదివాను. పుస్తకం మూశాను. మళ్ళీ తెరిచి చదివాను. అబద్ధమాడి అప్పటికి రెండు నెలలే. అక్క కోపం అప్పటికి ఇంకా పచ్చిగానే ఉంది, ఒక్క ఫోనుతో తీరిపోయేది. ఫోను నా పక్కనే బల్ల మీద ఉంది. నేను పన్నెండో నవల తీశాను.

నా అసలు నేరం ఇది. పుస్తకాలు దాచుకోవడం దురాశ. ఆ రోజు ఆడిన అబద్ధం భయం. కానీ పదకొండో నవల తర్వాత పన్నెండో నవల తీయడానికి ఏ పేరు పెట్టాలి? ఇన్నేళ్ళు లోపాలకు పేర్లు పెట్టిన నాకు దానికి పేరు దొరకలేదు.

ఆ అక్కాతమ్ముళ్ళు మాట్లాడుకోవడం మానేశారు. పెద్ద గొడవేమీ జరగలేదు. ఆమె ఎడమవైపు మూడో వరుస, అతడు కుడివైపు చివరి వరుస. అతడు "వందనాలు అక్కా" అంటే ఆమె తల ఊపేవారు. కొంతకాలానికి అతడు అనడం మానేశాడు. ప్రకాశం కూతురి పెళ్ళిలో మేనత్త పెళ్ళికూతురి పక్కన ఉండాలి, బట్టలు పెట్టాలి, ఫొటోలో ముందు వరుసలో నిలబడాలి. ఆమె అతిథిలా వచ్చి, ఏడో వరుసలో కూర్చుని, కేకు కోయకముందే వెళ్ళిపోయారు. ఏడో వరుస అని నాకెలా తెలుసు? ఆ పెళ్ళిలో కుర్చీల పట్టిక రాసింది నేను.

ప్రకాశం ఆ తర్వాత కూడా ప్రతి ఆదివారం హాలు శుభ్రం చేశాడు. కానీ ప్రతి పెట్టెనూ తెరిచి, ప్రతి కాగితాన్నీ తిప్పి చూసి, "ఇది ఎవరిదండీ? ఇది ఎవరిదండీ?" అని హాలంతా తిరిగేవాడు. కుర్రవాళ్ళు నవ్వేవారు. నేనూ ఒకసారి నవ్వాను. ఆ సంగతి రాసి పెట్టుకున్నాను.

ఆ నవలలు మూడేసిసార్లు చదివాను. గరాజ్‌లో ఒక పాత బీరువాలో వాటిని దాచి, దాని మీద "ఆడిట్ ఫైళ్ళు" అని చీటీ అంటించాను. ఒక్కో నవలకు ఒక్కో పత్రం రాశాను, ఈసారి నిజాయితీగా. వాటిలో ఒక ఫిర్యాదు పదే పదే వస్తుంది. ఈ తుపాకీ మనుషుల మీద నాకు కోపం. పట్టపగలు వీధి మధ్య ఆరుగురికి ఎదురు నిలబడతారు. కానీ వరండాలో నిలబడి ఉన్న ఒక ఆడమనిషికి, నేను ఈ పని చేశాను అని ఒక్క వాక్యం చెప్పలేరు. ఎవరూ చెప్పరు. చెప్పవలసిన పూట గుర్రమెక్కి కొండల వైపు వెళ్ళిపోతారు, రచయిత ఆ వెళ్ళడాన్ని అందంగా వర్ణిస్తాడు, మనం కళ్ళు తుడుచుకుంటాం. "ఇది శౌర్యం కాదు, పారిపోవడం" అని నేను ఎర్రసిరాతో రాశాను. ఒకసారి కాదు, పద్నాలుగు పత్రాల్లో. ఎవరి మీద కోపంతో రాస్తున్నానో పద్నాలుగుసార్లూ నాకు తెలియలేదా? తెలిసే ఉంటుంది. సిరా ఎర్రగా ఎందుకు ఎంచుకున్నాను మరి?

ఈ వసంతకాలంలో ఒక ఆదివారం పాస్టర్ గారు ప్రకటించారు. ప్రకాశం వర్జీనియాలోని షాంటిలీలో ఉన్న కూతురి దగ్గరికి శాశ్వతంగా వెళ్ళిపోతున్నాడు, నాలుగు వారాల తర్వాత వీడ్కోలు. అప్పుడు నేను మార్తమ్మ గారి వైపు చూశాను. ఆమె ముఖం మారలేదు. చేతిలో ఉన్న పాటల పుస్తకం మాత్రం తలకిందులుగా ఉంది. ఆమెకు డెబ్బై తొమ్మిది. అతడికి డెబ్బై రెండు. ఇలాగే వెళ్ళిపోతే ఆ ఇద్దరి మధ్య మిగిలేది నా వాక్యమే. నేను చనిపోయినా అది బతికి ఉంటుంది, రిజిస్టరులో, నా సంతకంతో.

ఇద్దరికీ విడివిడిగా చెప్పవచ్చు. ఉత్తరం రాయవచ్చు; ఉత్తరాలు నాకు బాగా వచ్చు. కానీ ఏ హాల్లో అతడి మీద వేశానో ఆ హాల్లోనే తీయాలి. అందరి ఎదుటా వేసినది చాటుగా తీస్తే సగమే తీసినట్టు. నాలుగు వారాలు కూర్చుని నాలుగు పుటల వాంగ్మూలం రాశాను. పద్నాలుగు అంశాలు.

వీడ్కోలు ఆదివారం, బిర్యానీ పూర్తయ్యాక, ప్రకాశం గురించి ఎవరైనా రెండు మాటలు చెప్పండి అన్నారు పాస్టర్ గారు. నేను చక్రాల బండి మీద రెండు అట్టపెట్టెలు తోసుకుంటూ ముందుకు వెళ్ళాను. జ్ఞాపిక అనుకుని కొందరు చప్పట్లు కొట్టారు. కాగితాలు తీశాను. "మొదటి అంశం," అన్నాను.

"బ్రదర్, కొంచెం షార్ట్‌గా," అన్నారు పాస్టర్ గారు గడియారం చూస్తూ.

"షార్ట్‌గా చెప్పడం వల్లే ఇంతదాకా వచ్చింది అయ్యగారూ," అన్నాను. చదివాను.

నాలుగో అంశం, "ప్రకాశం ఆ పెట్టెలను ముట్టుకోనే లేదు." అక్కడ మార్తమ్మ గారు లేచారు. కర్ర పట్టుకుని నెమ్మదిగా వచ్చి, పై పెట్టె తెరిచి, ఒక పుస్తకం తీసి, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని అంచు చదివారు. ఎంతసేపో నేను లెక్కపెట్టలేదు. జీవితంలో రెండోసారి లెక్కపెట్టడం మరచిపోయాను.

"అన్నీ ఉన్నాయా?"

"ముప్పై ఏడూ ఉన్నాయి సిస్టర్."

"చదివారా?"

"చదివాను."

"నేను రాసుకున్నవి కూడానా?"

"అవి కూడా."

"నన్ను సిస్టర్ అనకండి," అన్నారు ఆమె.

అప్పుడు చివరి వరుస నుంచి ఒక గొంతు వినిపించింది. "అక్కా! నేను పడెయ్యలేదే!" ప్రకాశం లేచి నిలబడ్డాడు. డెబ్బై రెండేళ్ళ మనిషి. కోపం లేదు ఆ గొంతులో, ఆశ్చర్యం ఉంది. ఇన్నాళ్ళూ తానే పడేశానని నమ్మాడు. "నేను పడెయ్యలేదక్కా! విన్నావా? నేను కాదు!" అని పక్కవాళ్ళకీ, ఎదురువాళ్ళకీ, గోడకీ చెబుతూ నడిచి వచ్చాడు. ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు. ఒక నిర్దోషికి తాను నిర్దోషి అన్న వార్త అందడం నేను అంతకుముందు చూడలేదు. నా బతుకులో చూసిన దృశ్యాలన్నిటిలోకీ గొప్పది అదే. ఆ దృశ్యంలో నేను దుర్మార్గుణ్ణి. అయినా గొప్పదే.

"అరవకురా, వినబడుతోంది," అన్నారు మార్తమ్మ గారు. పంతొమ్మిదేళ్ళలో తమ్ముడితో ఆమె మాట్లాడిన మొదటి మాట. ఆ తర్వాత గొంతు సరిచేసుకుని, "ఈ బాక్సులు తీసుకెళ్ళి నా కార్లో పెట్టు. చూసి పెట్టు. మళ్ళీ రీసైక్లింగ్‌లో వేసేవు," అన్నారు.

హాలంతా నవ్వింది. ప్రకాశం కూడా. అతడు పెట్టె ఎత్తబోతే ఆమె కర్రతో అతడి చేతి మీద చిన్నగా తట్టి, "నడుం పట్టుకుంటుంది, బండి మీద తొయ్యి. చిన్నప్పట్నుంచీ ఇంతే వీడు," అన్నారు. ఇద్దరూ తలుపు దాటి వెళ్ళారు, వాళ్ళ వెనకే జనమంతా. నేను ఐదో అంశం దగ్గర నిలబడి ఉన్నాను. మిగిలిన పది అంశాలు వినడానికి ఎవరూ లేరు, పాస్టర్ గారు తప్ప. ఆయన పాపం, చివరిదాకా విన్నారు.

నాలుగు కావస్తుండగా మార్తమ్మ గారు ఒక్కరే తిరిగి వచ్చారు. నేను కుర్చీలు మడుస్తున్నాను.

"క్షమించానని అనుకోకండి."

"నేను అడగలేదండి."

"మీరు అడగరు. అడిగే రకం కాదు. మీ నోటుబుక్కులో రాసుకోండి. మార్తమ్మ క్షమించలేదు అని. డేట్ వేసి మరీ రాసుకోండి."

రాసుకున్నాను. తేదీ వేశాను. నా నోటుబుక్కులన్నిటిలో అంత నిక్కమైన నమోదు మరొకటి లేదు.

ప్రకాశం నాతో ఏమీ అనలేదు. వెళ్ళేటప్పుడు చేయి కూడా కలపలేదు. ఎందుకు కలపాలి? మా ఆవిడ మాత్రం, ఇంటికి చేరి గరాజ్ తలుపు పైకి లేస్తుండగా అంది: "రిటైరైనా ఆడిట్ ఫైళ్ళు వదలరు మా ఆయన అని ఎంతమందికి గొప్పగా చెప్పుకున్నానో మీకు తెలుసా?" ఆ రోజు నా భోజనం నేనే వడ్డించుకున్నాను. ఆ తర్వాత కూడా చాలా రోజులు.

గ్రంథాలయం బాధ్యత వదిలేశాను. వదిలేయమని ఎవరూ అడగకముందే. ఆదివారం నా పక్క కుర్చీలు ఖాళీగా ఉంటున్నాయి. ప్రకాశం షాంటిలీ ప్రయాణం మూడు వారాలు వాయిదా పడిందని, అక్క ఇంట్లో ఉంటున్నాడని, ఆమె రోజూ తిడుతూ రోజూ వండి పెడుతోందని విన్నాను. చివరికి వెళ్ళాడు. ఆమె కూడా వెంట వెళ్ళారు, ఒక నెల ఉండి వస్తారట. ఇవన్నీ ఇతరుల నోట విన్నవే. నాకు చెప్పవలసిన అవసరం ఎవరికీ లేదు.

అయితే మీరు నన్ను చూస్తే, శిక్ష పడ్డ మనిషిలా ఉన్నానని అనుకోరు. నిటారుగా నడుస్తున్నాను. నా గొంతు నాకు మళ్ళీ వినబడుతోంది. ఇన్నేళ్ళూ ఎంత గట్టిగా మాట్లాడినా లోపల ఒక మనిషి చేత్తో నా నోరు మూసి ఉంచాడు. వాణ్ణి ఓడించాను. ఎవరూ మెచ్చుకోలేదు, మెచ్చుకోవలసిన పనీ లేదు. పంతొమ్మిదేళ్ళు ఆలస్యంగా గెలవడం గెలుపేనా అని నన్ను నేను అడుగుతున్నాను. అవును, గెలుపే. ఆలస్యం నాది. దాని పాపం కూడా నాదే. ఆ పాపాన్ని ఎవరూ తీయలేరు, మీరు కూడా. మీ దగ్గర అది కోరడం లేదు. ఒకప్పుడు నోట్లోనే ఇరుక్కుపోయిన వాక్యం ఇప్పుడు ఎంత సులువుగా వస్తోందో మీకు చూపించాలని మాత్రమే ఇదంతా. చూడండి.

ఆ పుస్తకాలు ప్రకాశం పడేయలేదు. నేను దాచుకున్నాను.